పెట్రోలు లెక్కల పుస్తకం, వెనక పేజీలు

కుతాయిసిలో బయలుదేరేటప్పుడు
నలుగురం కలిసి ఐదు ఒట్లు పెట్టుకున్నాం.
ఉష్గులి చేరేలోపు ఆరు తప్పాం.
ఆ ఆరోది ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు.

పుస్తకం నాది.
ముందు నుంచి తెరిస్తే పెట్రోలు లెక్క,
వెనక నుంచి తిరగేస్తే పద్యాలు.
రెండూ మధ్యలో ఎదురుపడ్డ రోజు
బండి ఇంటికి తిప్పాలని ఒప్పందం.

మొదటి పద్యం మల్ఖాజ్ మీద.
వాడి వ్యాను మీద అనుకోండి, రెండూ ఒకటే:
పొద్దున్నే ఇద్దరినీ తోస్తేగాని కదలరు.

      గేరు వేస్తే దగ్గుతుంది,
      హారనడిగితే మూలుగుతుంది,
      ఊరు దాటితే ఆగుతుంది,
      వేరే బండంటే అలుగుతుంది.

"హారను సంగతి అబద్ధం," అన్నాడు మల్ఖాజ్.
మిగతాదంతా ఒప్పుకున్నట్టే.

ఏతెరి ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పిన పంతులమ్మ.
మ్యాపు మీద వేలు పెట్టి, "ఎడమకి," అంది.
ఎడమకి ఎంగురి నది ఉంది.
మా ముందు చక్రాలు దాన్ని పలకరించి వచ్చాయి.

      పటము పట్టిన చేయి పంతులమ్మది,
      ఎటు తిరిగినా ఎదురొచ్చింది నది,
      తటపటాయిస్తే తిట్లు తిన్నది మంది,
      అటుగా పారడం ఏరు చేసిన తప్పది.

ఏతెరి చదివి, కళ్ళజోడు సర్దుకుని
రెండు చోట్ల కామా పెట్టించింది. నది గురించి మాట్లాడలేదు.

ఇక రమాజ్. పళ్ళ డాక్టరు.
జ్వరిలో రోడ్డు పక్కన ఖింకాలీ తిన్నాం,
లోపల మాంసం, రసం, పైన పిండి ముడి ఉండే కుడుములు.
ముడి తినకూడదు, పళ్ళెంలో వదలాలి.
ఎవడెన్ని మింగాడో ముడులే సాక్ష్యం చెబుతాయి.
బిల్లొచ్చే వేళకి రమాజ్ పళ్ళెంలో నాలుగు,
నా పళ్ళెంలో ముప్పై ఒకటి.
వడ్డించే పిల్ల నన్ను చూసి, "ఈ వయసులో!" అంది,
భక్తిగా.

కసి కొద్దీ కలం తీశాను. రమాజుకి ప్రాస దొరకదే!
బూజు, మోజు, గాజు... చివరికి ఫ్యూజు.
ఫ్యూజు పెట్టాక కరెంటు తీసెయ్యక తప్పలేదు,
వాడి ఆస్పత్రిని చీకట్లో ముంచి
తప్పు పన్ను పీకించాను.
ముడులు జరిపిన దొంగ అన్నందుకు వాడికి చింత లేదు.
"మా ఆస్పత్రిలో కరెంటెప్పుడు పోయిందిరా?"
మెస్తియా దాకా అదే గొడవ.
నిజాలు క్షమిస్తారు స్నేహితులు,
ప్రాస కోసం ఆడిన అబద్ధాన్ని మాత్రం క్షమించరు.

మెస్తియా దాటాక రోడ్డుకడ్డంగా ఒక ఆవు.
మూలుగో హారనో, ఏదీ దానికి ఆనలేదు.
పక్క పొలంలో ముసలామె గడ్డి కోస్తూ,
"ఆ రాతి బురుజు నీడ దాని మీదికొస్తే లేస్తుంది," అంది.
"ఎంతసేపు?"
"జున్ను తెచ్చుకున్నారా?" అంది.

రోడ్డు మీదే కూర్చుని జున్ను తిన్నాం.
ఊరికే ఉండలేక ఆవుకి పద్యాలు చదివాను.
వ్యానుకి నెమరు వేసింది. నదికి చెవి ఊపింది.
ఫ్యూజు దగ్గరికి రాగానే
లేచి వెళ్ళిపోయింది.
"చూశావా," అన్నాడు రమాజ్.

ఉష్గులిలో తెల్లారి పుస్తకం తెరిస్తే
లెక్కలూ పద్యాలూ కలిసే చోట, నడిమి పేజీలో,
మూడు చేతిరాతలు:

      అందరి మీదా పద్యం కడతాడు,
      ముందు సీటే కావాలంటాడు,
      సందు దొరికితే గుర్రు పెడతాడు,
      ఎందుకో, పెట్రోలు బంకులో మేలుకోడు!

కింద ఏతెరి ఎర్ర సిరాతో నా బాకీ కూడింది:
నలభై రెండు లారీలు.
మా దేశంలో డబ్బు పేరే అది గాని,
ఒక్క వ్యాను కదలడానికి అన్ని లారీలా!

మూడుసార్లు చదివాను. ప్రాస ఎక్కడా తప్పలేదు,
అదీ నా బాధ.
"ముందు సీటు సంగతి శుద్ధ అబద్ధం," అన్నాను,
ముందు సీట్లోంచి.